బాలాపూర్ గుట్ట మీద ఓట్ల గడ్డి

నైరోబీ నుంచి చిన్ననాటి దోస్తు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మసాయి మారాలో తీసింది. నడుము దాకా పెరిగి, ఎండి ఇటుక రంగుకు తిరిగిన గడ్డి. ఎక్కడో వెనక జిరాఫీ మెడ. కింద రాశాడు: "దీన్ని ఈడ రెడ్ ఓట్ గ్రాస్ అంటరు. మన బాలాపూర్ గుట్ట మీద దసరా సెలవుల్ల పొర్లిన గడ్డి గిదే గదా? జర పోయి చూసి చెప్పు."

ఓట్ల గడ్డి అనగానే నాకు ముందు ఎన్నికలే గుర్తొచ్చాయి. తర్వాత పొద్దున్నే నా గిన్నెలో పడే ఓట్స్ గుర్తొచ్చాయి. షుగర్ వచ్చిన దగ్గర్నుంచి జొన్న రొట్టె పెట్టాల్సిన చోట మా ఇంట్లో ఆ జావ పెడుతున్నారు. తిండి సంగతి అటుంచితే, ఎప్పుడో డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణి, వాడు అడిగితే ఫోన్‌లో చూసి చెప్పడానికి మనసొప్పలేదు. కార్తీకం సగం గడిచింది. వానలు పోయాయి, గడ్డి కంకి వేసి ఎండుతున్న రోజులు. గడ్డిని పోల్చుకోవాలంటే ఇదే అదను, కంకి లేని గడ్డిని పండితుడైనా గడ్డి అనే అంటాడు. ఆదివారం తెల్లవారుజామున బండి తీశాను. ఒక సీసాలో నీళ్లు, ఒక భూతద్దం, ఒక చిన్న తొలిక, పాత పేపర్లు. ఇంట్లో అడిగితే ఇబ్రహీంపట్నం చెరువు చూసొస్తానన్నాను. అబద్ధమేమీ కాదు, చెరువు కూడా చూశాను.

బాలాపూర్ అనగానే ఊరి బయటివాళ్లకు లడ్డూ వేలం ఒక్కటే తెలుసు. 1994లో 450 రూపాయలకు పోయిన వినాయకుడి లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. మా తరానికి బాలాపూర్ అంటే లడ్డూ కాదు, ఊరు దాటగానే మొదలయ్యే నెర్రెలబారిన నల్లరాళ్ల గుట్టలు, వాటి నడుమ చేను కాని, అడవి కాని నేల. దానికి మా దగ్గర పేరుంది: కంచ. ముళ్లకంచె కాదు. పశువుల మేతకని దున్నకుండా వదిలిన గడ్డి నేల. ఆ మాట ఇప్పుడు వింత చోట్ల బతుకుతోంది. బాలాపూర్ పక్కనే క్షిపణుల పరిశోధన జరిగే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది, దాని చిరునామాలో ఊరి పేరు విజ్ఞాన కంచ. రావిర్యాల హార్డ్‌వేర్ పార్కు చిరునామాలో ఇమారత్ కంచ. 2025లో దేశమంతా విన్న కంచ గచ్చిబౌలిలో కూడా అదే కంచ. నాలుగు వందల ఎకరాల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు చెట్ల గురించి, నెమళ్ల గురించి, జింకల గురించి అందరూ మాట్లాడారు. ఆ పేరుకు కారణమైన గడ్డి గురించి ఒక్కరూ మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

నాదర్‌గుల్ వైపు తిరిగాను. మేం పొర్లిన గుట్టకు ఇప్పుడు ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క వెంచర్ జెండాలు. మూడో పక్కన మాత్రం రాళ్ల మధ్య నుంచి మేకలు తొక్కిన బాట ఒకటి మిగిలింది. ఎక్కుతుంటే మంచు తడి. ఎడమ చేతి వాలు మీద ఎండ పడేసరికి కనిపించింది. అచ్చం ఫొటోలో ఉన్న రంగు. రాగి చెంబును చింతపండుతో తోమితే వచ్చే ఎరుపు. పొడుగాటి కాడల మీద చిన్న చిన్న విసనకర్రల్లా గుత్తులు, ప్రతి గుత్తి కిందా ఆకు లాంటి చిన్న పట్టుగుడ్డ. దోస్తుకు అక్కడికక్కడే "గిదే" అని కొట్టేద్దామనుకున్నాను. ఫోన్ తీశాను కూడా.

ఎందుకో ఒక మొక్కను పట్టుకుని లాగాను. వేళ్లతో సహా చేతికొచ్చేసింది. తొలిక అవసరమే పడలేదు.

అక్కడే అనుమానం మొదలైంది. ఆఫ్రికాలో రెడ్ ఓట్ గ్రాస్ అనే గడ్డి మొదలు చావని జాతి. పైభాగం ఎండినా, కాలినా, మేసినా నేలలో దుబ్బు బతికుండి ఏటా చిగురు వేస్తుంది. అలాంటి దుబ్బును లాగితే మనిషి వెనక్కి పడాలి కానీ వేళ్లు ఇంత మర్యాదగా రావు. ఇంకో గుర్తు కూడా ఉంటుంది: మొదట్లో నిరుడు కాడల మోళ్లు, నల్లబడ్డ పాత ఆకుల తొడుగులు. నా చేతిలో ఉన్నదానికి ఏ మోళ్లూ లేవు. వానకు మొలిచి, దీపావళికి కంకి వేసి, సంక్రాంతికల్లా చచ్చే ఒక్క ఏటి గడ్డి. నాలుగైదు చోట్ల లాగి చూశాను. అన్నీ అంతే.

ఒక బండ మీద కూర్చుని భూతద్దం తీశాను. గుత్తిలోంచి ఒక్క కణుపు విడదీసి అరచేతిలో పెట్టుకుంటే నాలుగు చిరుకంకులు గుండ్రంగా, గుడి చుట్టూ కాపలా నిలబడ్డట్టు. వాటికి మీసాల్లేవు, గింజ పట్టదు. నడుమ ఒకటి, దానికి మాత్రం గోధుమ రంగు పొడుగు మీసం, మోకాలు దగ్గర వంగినట్టు వంగి ఉంది. గింజ దానిలోనే. కాపలా నాలుగింటి వీపు మీద చిన్న చిన్న బుడిపెల నుంచి లేచిన వెంట్రుకలు. అప్పుడు గుర్తొచ్చింది పేరు: థెమెడా క్వాడ్రివాల్విస్, నాలుగు తలుపులది. లిన్నేయస్ 1774లో వేరే ప్రజాతిలో పెట్టి నామకరణం చేశాడు, 1891లో కుంట్జె అనే జర్మన్ ఇప్పటి ఇంటికి మార్చాడు. మసాయి మారాలోది థెమెడా ట్రయాండ్రా. ఒకే కడుపు పిల్లలు. ఒకటి ఏటికేడు చచ్చి పుట్టేది, ఒకటి మొదలు నిలిచేది. ట్రయాండ్రా కాపలా కంకులు ఇంకాస్త పెద్దవి, దాదాపు ఒక సెంటీమీటరు. పోలిక మాత్రం కన్నతల్లిని కూడా మోసం చేసేలా ఉంటుంది.

ఆ పేర్ల కథ చెప్పకుండా ముందుకు పోలేను. పీటర్ ఫోర్‌స్కోల్ అని లిన్నేయస్ శిష్యుడొకాయన 1761లో డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియాకు బయల్దేరాడు. 1763 జూలైలో యెమెన్‌లో మలేరియాతో పోయాడు. బృందంలో వెనక్కి వెళ్లింది ఒక్కడే, కార్‌స్టెన్ నీబూర్. ఆయన దోస్తు నోటు పుస్తకాలు మోసుకెళ్లి 1775లో అచ్చు వేయించాడు. థెమెడా అనే పేరు అందులోది. వాన నీళ్లు నిలిచి, ఎండాకాలం ఎండిపోయే పల్లపు చోటుకు అరబ్బీలో ఉన్న మాట నుంచి తీసుకున్నాడు. మన కుంట లాంటిదే అనుకోవచ్చు. ఇక ట్రయాండ్రా అంటే మూడు కేసరాలది. ఆ రోజుల్లో మొక్కలను కేసరాలు లెక్కపెట్టి వర్గాలు చేసేవారు, గురువు పద్ధతి అది. పాపం, గడ్డి జాతుల్లో చాలావాటికి మూడే కేసరాలు. "రెండు చెవులున్న మేక" అన్నట్టుంది పేరు. అయినా నిలిచింది. ముందు పెట్టిన పేరు చెల్లాలన్నది వృక్షశాస్త్రం కట్టుబాటు, బాగుందా లేదా అని ఎవరూ అడగరు.

మరి ఓట్లెక్కడి నుంచి వచ్చాయి? మీసం వల్ల. ఓట్ల గింజకు, ముఖ్యంగా అడవి ఓట్లకు, వీపు మీద నుంచి ఇలాగే వంగిన మీసం లేస్తుంది. చలిదేశం నుంచి ఎండదేశం వచ్చిన ఇంగ్లిషువాడు ఎర్రగా, వంగిన మీసంతో ఉన్న గడ్డిని చూసి ఇంటి మీద బెంగతో పేరు పెట్టుకున్నట్టున్నాడు. మన పెద్దలూ అదే దారిన పోయారు లెండి. చరక సంహితలో ధాన్యాలను శూక ధాన్యాలు, శమీ ధాన్యాలు అని విడదీశారు. శూకం అంటే ఈ మీసమే, శమీ అంటే కాయ. వరి, గోధుమ, యవలు ఒక పక్క, పెసలు, కందులు ఒక పక్క. మీసాన్ని పట్టుకుని గడ్డి కుటుంబాన్నంతా ఒక్క మాటలో కట్టేశారు. దాని లోపల తెగలు విడదీయాలంటే మాత్రం మీసం చాలదు, నమ్మితే దెబ్బ తింటాం.

నిజంగా ఓట్లకు చుట్టమైన, మొదలు చావని గడ్డి ఒకటుంది. యూరప్ పచ్చిక బయళ్లలో మనిషెత్తు పెరుగుతుంది. లిన్నేయస్ 1753లో దాన్ని ఓట్ల ప్రజాతిలోనే పెట్టి, పొడుగు ఓట్లు అన్నాడు. అరవై ఏళ్లు గడవకముందే పాలిసో ద బోవా అనే ఫ్రెంచివాడికి అది నచ్చలేదు. చిరుకంకి విప్పి చూస్తే లోపల రెండు పూలు. కిందిది మగది, దానికే పొడుగు మీసం. పైది గింజ పట్టేది, దానికి మీసం ఉండదు, ఉన్నా పొట్టిది. ఓట్లలో అలా కాదు. అందుకని వేరు కాపురం పెట్టించి, "మగ మీసం" అని అర్థం వచ్చే గ్రీకు మాటలతో అర్‌హెనాథెరమ్ అన్నాడు. అదే నిలిచింది. దానిలో ఒక రకానికి కాడ మొదట్లో కణుపులు ఉబ్బి, పూసల దండ గుచ్చినట్టు నేలలో ఉంటాయి. దున్నితే పూసలు తెగి చేనంతా పడతాయి, ఒక్కో పూస ఒక్కో మొక్క. మన తుంగ గడ్డలతో విసిగిన రైతుకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అలాంటి ఓటు గడ్డి బాలాపూర్‌లో దొరకదు, దానికి చలి కావాలి. మన దేశంలో దాని చుట్టాలు హిమాలయాల పైనెక్కడో ఉంటాయి.

"ఏం దేవులాడుతున్నవ్ సారూ? ఏమన్న పోయిందా?"

వెనక నుంచి. కర్ర, భుజాన గొంగడి, కింద వాలులో ఓ ముప్పై నలభై జీవాలు. డెబ్బై ఏళ్లుంటాయి.

"పోలేదు తాతా, గడ్డి చూస్తున్న."

"ప్లాటు సూడవచ్చినవనుకున్న." నవ్వి పక్కన కూర్చున్నాడు. నా చేతిలోది చూపించి పేరేమిటని అడిగాను. "గడ్డే. దీనికేం పేరు?" అన్నాడు. తినవా మరి అంటే, "లేతగున్నప్పుడు తింటయి. ముదిరినంక మూతి పెట్టయి." ఆఫ్రికాలో ఉన్న అన్న పశువుల మేతకు పెట్టింది పేరు, ఈ తమ్ముడి సంగతి ఆస్ట్రేలియావాళ్లు కూడా తాతలాగే చెబుతారు. మన దగ్గర్నుంచి క్వీన్స్‌లాండ్‌కు చేరి అక్కడ పెద్ద కలుపైంది. రోడ్లు చదును చేసే గ్రేడర్ యంత్రాల చక్రాలకు గింజలంటుకుని రోడ్ల వెంట పాకింది కాబట్టి దానికక్కడ గ్రేడర్ గడ్డి అని పేరు. కింద వెంచర్‌లో పసుపు రంగు గ్రేడర్ ఒకటి ఆదివారమని ఆగి ఉంది. తాతకు చెబితే, "మన గడ్డి అంత దూరం పోయిందా, పాస్‌పోట్ లేకుంట!" అన్నాడు.

తర్వాత ఆయనే నా కాళ్ల వైపు చూపించాడు. "పేరు కావాలంటే దానికున్నది."

మేజోళ్లు రెండూ నల్లటి సూదులతో నిండి ఉన్నాయి. పందిముళ్ల గడ్డి. బాటకు కుడి పక్కంతా అదే, నేను ఎరుపు చూసుకుంటూ చూడలేదు. కంకి చివర పొడుగు మీసాలన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని, చిక్కుపడ్డ జడలా తయారై ఉంటాయి. హెటెరోపోగాన్ కంటార్టస్. కంటార్టస్ అంటే మెలిపడ్డది, హెటెరోపోగాన్ అంటే వేరు వేరు గడ్డాలు. కంకి ఒక పక్క మీసం లేని మగవి, ఇంకో పక్క మీసమున్న గింజవి. 1753లో లిన్నేయస్ దీని పుట్టిల్లు ఇండియా అనే రాశాడు. ఒక దుబ్బును పట్టి లాగాను. రాలేదు. తొలికతో రెండు పక్కలా తవ్వాల్సి వచ్చింది. మొదట్లో నల్లగా మాడిన పాత మోళ్లు, వాటి సందుల్లోంచి పచ్చటి పిలకలు. ఇదీ మొదలు నిలిచే గడ్డి. నేను వెతుకుతూ వచ్చింది ఇన్ని నిమిషాలూ నా మేజోళ్లలోనే ఉంది.

ఒక గింజను పీకి అరచేతిలో పెట్టి సీసా నీళ్లు నాలుగు చుక్కలు పోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెలిపడ్డ మీసం మెల్లగా విడటం మొదలుపెట్టింది. గింజ నా చేతిలో గడియారం ముల్లులా తిరిగింది. సగం తిరిగి, చిటికెన వేలికి తగిలి, ఎగిరి ఇంకో వైపు పడి మళ్లీ తిరిగింది. తడికి కణాలు ఒక్కో పక్క ఒక్కోలా ఉబ్బటం వల్ల మెలి విడుతుంది, ఆరితే మళ్లీ పడుతుంది. రాత్రి మంచుకు ఒక తిప్పు, పగటి ఎండకు ఒక తిప్పు. గింజ అడుగున సూదిమొన, దాని చుట్టూ వెనక్కి వంగిన గట్టి వెంట్రుకలు. లోపలికి పోతుంది కానీ బయటికి రాదు. అలా తనను తానే నేలలోకి బరమాలా దింపుకుంటుంది. ఎండాకాలం గుట్ట తగలబడినా గింజ మన్ను చాటున చల్లగా ఉంటుంది. లండన్‌లో రాబర్ట్ హుక్ 1665లో అచ్చయిన తన సూక్ష్మదర్శిని పుస్తకంలో అడవి ఓట్ల మీసానికి ముల్లు తగిలించి గాలిలో తడి కొలిచే పరికరం చేసిన సంగతి రాశాడు. ఇదే యంత్రం, అటు ఓట్లలో ఉంది, ఇటు పందిముళ్లలో ఉంది. పోలికను బట్టి చుట్టరికం కట్టేస్తే బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

తాతకు ఈ యంత్రం మీద గౌరవం లేదు. "గొర్రె తోల్లకు పోతది, మాంసం దాంక పోతది. తోలు కొనేటోడు ఎత్తి సూసి ధర కోసేటోడు." వెనక మాకు ఉన్ని గొర్లుండేవి, వాటి ఉన్నిలో ఇది చిక్కితే గొంగడి నేసేవాడు తిట్టేవాడు అన్నాడు. ఇప్పుడు మందలో ఉన్నవి ఎక్కువగా నున్నటి నెల్లూరు రకం. దక్కనీ నల్ల ఉన్ని గొర్రె ఆయన భుజాన గొంగడిగా మాత్రమే మిగిలింది. ఆ గొంగడి అంచులో కూడా నాలుగు ముళ్లు దిగి ఉన్నాయి. "మరి తొలకరికి?" అన్నాను. "తొలకరికి బంగారం. కాలిన దుబ్బు మీద పిలక లేస్తది సూడు, జీవాలు వదలయి." తాత వర్గీకరణలో గడ్డి ఒకటే అయినా నెలను బట్టి రెండు జాతులు. నా పుస్తకాల్లో దీనికి గది లేదు.

పేరు అడిగి రాసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ వందల మొక్కలకు తెలుగు పేర్లు విని రాసుకున్నాడు, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఆయనకు ముందున్న కోనిగ్ అనే లిన్నేయస్ శిష్యుడు 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. కానీ అది కోస్తా. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గురించి గాంబుల్ మొదలుపెట్టి ఫిషర్ ముగించిన పెద్ద పుస్తకంలో నిజాం ఇలాకా మా గుట్టలు లేవు, అది వేరే రాజ్యం కదా. గడ్డికి ఆ సంగతి తెలియకపోయినా, పుస్తకానికి తెలుసు. 1960లో బోర్ అనే ఆయన భారత, బర్మా, సిలోన్, పాకిస్తాన్ గడ్డి జాతులన్నీ ఒక్క పుస్తకంలో కూర్చాకే మాలాంటివాళ్లకు చేతి కర్ర దొరికింది.

ఆదిబట్ల మీదుగా ఇబ్రహీంపట్నం చేరేసరికి పది దాటింది. చెరువు కట్ట మీద మిర్చి బజ్జీ వేడివేడిగా దొరికింది, ఓట్స్ తినేవాడు తినకూడనిదే. కట్ట దిగువన ఒక చెక్కలో పశువుల మేతకు జొన్న చల్లారు. అక్కడక్కడా కంకి వేసింది. అడిగి ఒకటి తెంపుకున్నాను.

ఇక్కడ చూడాలి తమాషా. జొన్న కంకిలో గింజలు ఒంటరిగా ఉండవు. గింజ ఉన్న లావాటి చిరుకంకి కాడకు అంటుకుని కూర్చుంటే, దాని పక్కనే చిన్న తొడిమ మీద బక్కచిక్కిన ఇంకోటి నిలబడి ఉంటుంది. దానికి గింజ పట్టదు. కల్లంలో తూర్పారబడితే పొట్టుతో పోయేది అదే. ఎప్పుడూ జంట, ఒకటి కూర్చున్నది, ఒకటి నిలుచున్నది. పేపర్లో చుట్టి తెచ్చిన పందిముళ్ల కంకి విప్పితే అదే జంట. ఎర్ర గడ్డిలో నాలుగు కాపలావి తీసేసి నడుమ చూస్తే అక్కడా కూర్చున్నదొకటి, పక్కన నిలుచున్నవి. గోటితో లాగితే పొట్టు రేకులతో సహా చిరుకంకి మొత్తం ఊడుతుంది. ఓట్లలో అలా కాదు. లోపలి గింజలు రాలిపోయి, బయటి రేకులు రెండూ ఖాళీగా నోరు తెరిచిన పిచ్చుక ముక్కుల్లా కాడకే వేలాడుతుంటాయి. 1814లో రాబర్ట్ బ్రౌన్ ఇలాంటి తేడాలతోనే గడ్డి కుటుంబంలో రెండు పెద్ద శాఖలను పోల్చాడు. ఒకటి ఎక్కువగా వేడి నేలలది, ఒకటి చలి నేలలది. 1931లో అవ్‌దులోవ్ అనే రష్యన్ కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టాడు. ఓట్లు, గోధుమలు ఉన్న శాఖకు పెద్ద పెద్ద క్రోమోజోములు, లెక్క ఏడు చొప్పున. ఓట్లకు నలభై రెండు. జొన్నకు ఇరవై, లెక్క పది చొప్పున. థెమెడా లెక్క కూడా పదే. మండే ఎండలో తక్కువ నీళ్లతో ఆకులో పిండి వండుకునే పద్ధతి కూడా ఈ పది లెక్క చుట్టాలదే. జొన్న, చెరుకు, మొక్కజొన్న, వట్టివేళ్లు, నిమ్మగడ్డి, పందిముళ్లు, అన్నీ ఒక్క తెగ.

కట్ట మీద కూర్చుని దోస్తుకు రాశాను. మనం పొర్లింది నీ గడ్డి కాదు, దాని తమ్ముడు, ఏడాదికే చచ్చేది. నీ దగ్గరున్నదీ ఓట్లు కాదు, జొన్నకు చుట్టం. ఫొటోలు మూడు పెట్టాను: ఎర్ర గడ్డి, పందిముళ్లు, జొన్న కంకి. రెండు నీలం గీతలు పడ్డాయి. చాలాసేపటికి జవాబొచ్చింది: "మరి మనకు ఒళ్లంత దురద పెట్టింది దేంతోని?"

అది మాత్రం రెండింటితోనూ.

ఇంటికొచ్చి మేజోళ్లు విప్పి, కనిపించిన ముళ్లన్నీ ఒక్కొక్కటే పీకి, బకెట్లో నానేశాను. గంట తర్వాత చూస్తే నీళ్లలో ఏదో మెదులుతోంది. పీకకుండా వదిలేసినవి ఏడెనిమిది, మీసాలు విప్పుకుంటూ తిరుగుతున్నాయి. రెండు అప్పటికే ఒక మేజోడు దాటి పక్కనే నానుతున్న మా ఆవిడ తువ్వాలులోకి దిగాయి. పట్టి లాగితే మొన లోపలే ఉండిపోయి మీసం చేతికొచ్చింది.

"చెరువు చూడటానికి వెళ్లారా, ముళ్లు ఏరడానికి వెళ్లారా?" అని లోపలి నుంచి అడిగింది.

పొద్దున తినని ఓట్స్ జావ ఇంకా బల్ల మీదే ఉంది.